వద్దన్న కొద్దీ పెరిగిన జీతం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఇంట్లో అందరూ అంటారు. అబద్ధమేం కాదు. కానీ నా కోపాలు చాలామటుకు మా మేనత్త ఇచ్చిన కాఫీ తాగేలోపే చల్లారిపోయేవి. ఒక్కటి మాత్రం రెండేళ్ళు అలాగే ఉండిపోయింది. ఆ మనిషి గుమ్మంలోకి వస్తే చాలు, నాకు ఒళ్ళు మండేది. ఆయన పది మందిలో తలెత్తుకోలేని రోజు రావాలని రోజూ కోరుకునేదాన్ని. ఈ వయసులో దాచుకోవడం దేనికండీ, కోరుకున్నాను, అంతే.

ఆయన ఏలూరులో ఒక ధర్మాసుపత్రికి కార్యదర్శి. నేను ఆ ఆఫీసులో గుమాస్తాని. ఆసుపత్రి పెట్టింది తాడేపల్లిగూడెంలో రైసుమిల్లున్న ఒక పెద్దాయన. మిల్లు లాభంలో కొంత, రెండు మేడల అద్దెలు దానికి రాసిచ్చి, ట్రస్టు ఏర్పాటు చేసి, తనే అధ్యక్షులుగా ఉండేవారు. ధర్మానికి రాసిన డబ్బు కాబట్టి దాని మీద ఇన్‌కంటాక్సు లేదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి.

ఆసుపత్రికి ఒక పడవ ఉండేది. వారానికి రెండు రోజులు కాంపౌండరు గారు మందుల పెట్టెతో ఎడ్లబండి మీద కొల్లేటి ఒడ్డుకొచ్చి, ఆ పడవెక్కి లంకలన్నీ తిరిగేవారు. పడవ నడిపేది మా నాన్న. మాదీ లంకే, చేపలు పట్టుకుని బతికే కుటుంబం. పడవ ముందు భాగాన ఒక ఇత్తడి గంట కట్టి ఉండేది. నాన్న దూరం నుంచే గంట కొట్టుకుంటూ వచ్చేవాడు. అది వినబడగానే ఎక్కడి పనులక్కడ వదిలేసి, జ్వరాల వాళ్ళనీ పుళ్ళ వాళ్ళనీ వెంటబెట్టుకుని అందరూ రేవుకి పరిగెత్తేవారు. మా అమ్మ మాత్రం పరిగెత్తేది కాదు. ముందు దువ్వెన అందుకుని తల దువ్వుకునేది. "మీ నాన్నొస్తున్నాడే" అనేది, పొద్దున్నే చద్దన్నం పెట్టి పంపిన మనిషిని ఏడాదికోసారి చూడబోతున్నట్టు.

నాన్న నన్ను ఏలూరులో మేనత్త ఇంట్లో ఉంచి స్కూలు ఫైనలు దాకా చదివించాడు. టైపు నేర్చుకున్నాను. ఆసుపత్రి ఆఫీసులో అరవై రూపాయల ఉద్యోగం దొరికింది. మా లంకలో నెలజీతం తెచ్చిన మొదటి ఆడపిల్లని నేనే.

ఇక కార్యదర్శి గారు. తెల్లటి ఖద్దరు, మెత్తటి మాట. "నాదేముందండీ, సేవ" అనడం అలవాటు. మొదట్లో నిజంగానే జీతం పుచ్చుకునేవారు కాదట. తర్వాత బండి ఖర్చులకని నెలకి వంద. ఆ తర్వాత ఆసుపత్రి వెనక ఇంట్లో కాపురం. ఆ తర్వాత వంద కాస్తా మూడొందలైంది. ఎవరు పెంచారు, ఎందుకు పెంచారు అని ఏ ట్రస్టీ అడగలేదు. అడిగితే బాగుండదు కదండీ!

మూడొందలైన నెలలోనే నన్ను పిలిచి, "అమ్మాయ్, ఖర్చులు తగ్గించాలి. పడవ ఆపేస్తున్నామని మీ నాన్నకో ఉత్తరం రాయి" అన్నారు. పడవకి నెలకయ్యేది నూట ఎనభై. ఆయనకి పెరిగింది రెండొందలు. లెక్క ఇంత తేటగా కళ్ళకి కనబడుతుంటే నోరు మూసుకుని ఆ ఉత్తరం నా చేత్తోనే రాశాను. ఉద్యోగం పోతుందన్న భయం. ఆ భయానికి నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటాను.

ఆ వానాకాలమే అమ్మకి టైఫాయిడ్ వచ్చింది. పెద్ద పడవేమో అవతలి ఒడ్డున గొలుసుతో కట్టేసి ఉంది, తాళంచెవి కార్యదర్శి గారి సొరుగులో. ఇంట్లో ఉన్నది తాటిదోనె ఒక్కటే. ఆ గాలిలో అలల మీద దోనె నిలబడదు. వాన వెలిసేదాకా ఆగి, అమ్మని అందులో పడుకోబెట్టి, ఏలూరు చేర్చేసరికి తొమ్మిది రోజులు గడిచాయి. ప్రాణం దక్కింది. చెవులు పోయాయి, రెండూ. మంచం మీద పడుకుని నా మొహంలోకి చూసి, "గొణుగుతావేంటే, గట్టిగా చెప్పు" అంది. నేను అప్పటికే అరుస్తున్నాను.

కార్యదర్శి గారు వార్డుకొచ్చి పరామర్శించారు. "భగవంతుడి దయ, మనిషి దక్కింది. అయినా కాస్త ముందుగా తీసుకురావాల్సిందమ్మా" అన్నారు. ఛీ! ఆ మాట అన్న నోరు పడిపోలేదేమా అని చూశాను. పడిపోలేదు. ఆయన పక్క మంచం దగ్గరికెళ్ళి వాళ్ళనీ పరామర్శించారు.

రెండేళ్ళకి గానీ నాకు అదను దొరకలేదు. ఒకరోజు టపాలో ఇన్‌కంటాక్సు ఆఫీసు కవరు వచ్చింది. ఉత్తరం ఇంగ్లీషులో ఉంది. విప్పింది నేనే. ధర్మసంస్థ అని మీకు పన్ను వదిలేస్తున్నాం, సరే, మీ కార్యదర్శికి ఇస్తున్నది ఆయన చేసే పనికి తగినదేనా, ఎవరు నిర్ణయించారు, దేన్నిబట్టి నిర్ణయించారు, వివరాలు పంపండి అని దాని సారాంశం. నిలబడే రెండుసార్లు చదివాను. తర్వాత మంచినీళ్ళు తాగి, బుద్ధిమంతురాలిలా తీసుకెళ్ళి ఆయన బల్ల మీద పెట్టాను.

ఆడిటరు గారిని పిలిపించారు. బక్కపల్చటి మనిషి, ఎదుటివాళ్ళు నొచ్చుకుంటారేమోనని మాట కూడా మెల్లగా వదిలే రకం. నన్ను పక్కన కూర్చుని రాసుకోమన్నారు.

"ధర్మసంస్థలో పనిచేసేవాళ్ళు ఊరికే చెయ్యాలనేం లేదండీ. జీతం ఇవ్వొచ్చు. కాకపోతే తగిన జీతం అయ్యుండాలి. మించిందంటే ధర్మం డబ్బు ఒక మనిషి ఇంటికి పోతున్నట్టు లెక్క. మినహాయింపు తీసేస్తారు. పాత ఏళ్ళకి కూడా పన్ను కట్టమంటారు, పైన పెనాల్టీ. అంత కట్టాక ఆసుపత్రి నడవదండీ."

"ఎంతైతే తగినదంటారు?" అన్నారు కార్యదర్శి గారు.

"చట్టంలో ఇంతని అంకె ఉండదండీ. ఇలాంటి సంస్థల్లో, ఇదే పని చేసేవాళ్ళకి ఎంత ముడుతోందో కనుక్కోవాలి. ఉండే ఇల్లు, వచ్చే బియ్యం, అన్నీ జీతంలోనే కలపాలి. ట్రస్టీలు కూర్చుని తేల్చాలి, అప్పుడు మాత్రం మీరు ఆ గదిలో ఉండకూడదు. ఎందుకు అంత అనుకున్నారో అప్పటికప్పుడు మినిట్సు పుస్తకంలో రాయాలి. అంతేనండీ."

ఆయన్ని సాగనంపి వచ్చి కార్యదర్శి గారు చేతులు రుద్దుకున్నారు. "విన్నావుగా అమ్మాయ్. మిల్లు మేనేజర్లకి, పంచదార ఫ్యాక్టరీ వాళ్ళకి ఎంతిస్తున్నారో కనుక్కురా. ఆ లెక్కన నాకు నాలుగొందలైనా తక్కువే."

"అలాగేనండీ" అన్నాను. అంత వినయంగా నేను జన్మలో మాట్లాడలేదు.

మిల్లుల ఛాయలకి కూడా పోలేదు. ఇలాంటి సంస్థలని కదా ఆడిటరు గారన్నది! ఏలూరులో ఒక అనాథ శరణాలయం, గూడెంలో బీద విద్యార్థులకి పెట్టిన ఉచిత వసతి గృహం, అత్తిలి దగ్గర ఒక చిన్న ప్రసూతి ఆసుపత్రి. ఆదివారం ఆదివారం ఒక్కో చోటికి బయల్దేరాను. చిక్కేమిటంటే, మా వైపు ఎవరినైనా మీకు జీతం ఎంతని మొహం మీద అడగడం మర్యాద కాదు. మగవాళ్ళనడిగితే గొంతు సవరించుకుని, "ఏదో, రోజులు గడుస్తున్నాయండీ" అంటారు. అందుకని నేను పెరటి గుమ్మంలోంచి వెళ్ళాను. వంటింట్లో పీట మీద కూర్చుని, "బియ్యం భలే సన్నంగా ఉన్నాయే, ఎక్కడ కొంటారండీ?" అంటే చాలు. మిగతాదంతా ఆ ఇల్లాళ్ళే చెప్పుకొచ్చేవారు. "పేరుకే మేనేజరు గారమ్మా. ఆ నూటనలభైలోనే ఇంటద్దె, ఆ నూటనలభైలోనే ఉప్పూ పప్పూ. వేన్నీళ్ళ కట్టెలు కూడా కొనుక్కోవాల్సిందే" అంది శరణాలయం వారి భార్య. గూడెంలో నూటపాతిక. అత్తిలి ఆవిడ నూటయాభై అని చెప్పి, గొప్ప చెప్పుకున్నాననుకుంటానేమోనని సిగ్గుపడింది.

ఆఖరున మా కార్యదర్శి గారి వంటింటికే వెళ్ళాను. వాళ్ళావిడ పాపం కల్లాకపటం లేని మనిషి. "మేం కొనుక్కునేది తమలపాకులే అమ్మాయ్" అని మురిసిపోయింది. బియ్యం మిల్లు నుంచి నెలకో బస్తా. పాలు ఆసుపత్రి గేదెలవి, అంటే రోగులకని కొన్న గేదెలవి. "చేపలు మీ లంకల వాళ్ళే పంపుతారు. కొర్రమేను లేందే ఆయనకి ముద్ద దిగదు." పడవ మళ్ళీ వేయిస్తారేమోనన్న ఆశతో లంకల్లో అందరూ వంతులేసుకుని పంపుతున్న చేపలవి! నా కంచంలోనూ ఒక ముక్క వేసింది. తిన్నాను. ఆ ముల్లు ఇంకా గొంతులోనే ఉంది.

తాడేపల్లిగూడెంలో అధ్యక్షుల వారింట్లో మీటింగు పెట్టారు. ఆయనతో కలిపి ట్రస్టీలు ఐదుగురు. ఆడిటరు గారూ, కార్యదర్శి గారూ, నేనూ. జీతం సంగతి రాగానే ఆడిటరు గారు, "కార్యదర్శి గారు కాసేపు వరండాలో కూర్చుంటే..." అని నసిగారు.

"అబ్బెబ్బే! ఆయన్ని లేచి వెళ్ళమనడమేంటండీ, బాగుండదు. మీరు కూర్చోండి, కూర్చోండి" అన్నారు అధ్యక్షుల వారు. ఆడిటరు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఏమాత్రం ఇమ్మంటారండీ?"

"నాకేమీ వద్దండీ. సేవ."

"అలాగంటే ఎలాగండీ? మూడొందల యాభై అనుకుందాం."

"అబ్బే, వద్దండీ."

"మరీ మొహమాటం మీకు. పోనీ నాలుగొందలు."

"నన్నిబ్బంది పెట్టకండీ. వద్దంటే వద్దు."

"నాలుగొందల యాభై! ఇంక మీరేం మాట్లాడకండి."

మా వైపు భోజనాల దగ్గర ఇదే పద్ధతండీ. చాలన్నవాడి విస్తట్లోకే ఇంకో గరిటె పడుతుంది. మూడుసార్లు వద్దన్నారు, నూటయాభై పెరిగింది. నేను రాసుకొచ్చిన కాగితాలు నా ఒళ్ళోనే ఉన్నాయి. ఒకసారి గట్టిగా దగ్గాను. మంచినీళ్ళు తెప్పించి ఇచ్చారు.

తిరుగు రైల్లో కార్యదర్శి గారు, "మామూలుగానే రాసెయ్. అన్ని విషయాలూ పరిశీలించి ఏకగ్రీవంగా నిర్ణయించడమైనది, అని" అన్నారు. ఇంటికొచ్చి రాశాను, జరిగింది జరిగినట్టు. ఆడిటరు గారి సలహా రాశాను. దాన్ని ఎవరు తోసేశారో రాశాను. కార్యదర్శి గారు గదిలోనే ఉన్నారని రాశాను. ప్రతి వద్దండీ, దాని పక్కన ప్రతి యాభై. కింద నాలుగు వంటిళ్ళ వివరాలు, బియ్యంతో సహా, కొర్రమేనుతో సహా. అధ్యక్షుల వారు ఏ కాగితమూ చదవకుండా సంతకం పెడతారని నాకు తెలుసు. సంతకం పడగానే నకలు తిన్నగా ఇన్‌కంటాక్సు ఆఫీసుకి పోతుంది. ఆ రోజంతా నాకు ఆకలే వెయ్యలేదు.

సంతకానికి తీసుకెళ్ళేముందు లంకకి వెళ్ళి నాన్నతో చెప్పాను. పొగుడుతాడనుకున్నాను. వల బాగుచేసుకుంటూ విన్నాడు.

"ఆయన జీతం పోతే పోనీ అమ్మడూ. ఆసుపత్రి పోతే?"

"పోనీ! మనకేం మిగిలిందని?"

"పడవ ఉంది కదే. రెండేళ్ళ నుంచీ వారం వారం వెళ్ళి నీళ్ళు తోడి వస్తున్నాను. చెక్క ఇంకా గట్టిగానే ఉంది."

ఒక్క కానీ కూలి లేకుండా, ఎవరూ చెప్పకుండా, కట్టేసిన పడవలో నీళ్ళు తోడుతున్నాడు! అమ్మ మా ఇద్దరి పెదాలూ మార్చి మార్చి చూస్తోంది, ఏం మాట్లాడుకుంటున్నామో తెలియక. పెనాల్టీ పడితే ఆ పడవని అమ్మేస్తారు. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసీ పట్టించుకోలేదు.

మర్నాడు పుస్తకం చంకన పెట్టుకుని గూడెం వెళ్ళాను. అధ్యక్షుల వారు పెన్ను మూత తీసి, "ఎక్కడమ్మా?" అన్నారు.

"ముందు మీరు వినాలండీ."

"నువ్వు రాశాక వినేదేముందమ్మా?"

"వినాలండీ" అని చదవడం మొదలెట్టాను. అమ్మతో మాట్లాడి మాట్లాడి నా గొంతు పెద్దదైపోయింది. వాళ్ళావిడ కూరగాయలు తరుగుతూ మొదట నవ్వింది, వద్దండీల దగ్గర. గేదెల దగ్గరికొచ్చేసరికి కత్తిపీట పక్కన పెట్టేసింది. పడవ ఆపిన నెలా, జీతం పెరిగిన నెలా ఒకటేనని చదివేసరికి అధ్యక్షుల వారు పెన్ను మూత మళ్ళీ పెట్టేశారు.

"ఇది ఆఫీసరు చూస్తే?"

"మినహాయింపు తీసేస్తారండీ. పన్నూ, పెనాల్టీ. ధర్మం మీ పేరు మీద ఉంది కదండీ, ఆ నింద కూడా మీ పేరు మీదే పడుతుంది." మా అమ్మ సంగతి కూడా చెప్పాను. చెప్పేటప్పుడు ఏడుపొచ్చింది. ఏడ్చాను.

ఆయన పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. "మళ్ళీ మీటింగు పెడదాం. కానీ అంతటి మనిషిని బయటికి వెళ్ళమని ఎలా చెప్పనమ్మా? నా వల్ల కాదు."

"బయటికెందుకండీ?" అంది వాళ్ళావిడ. "లోపలికి పంపండి. నేను భోజనానికి పిలుస్తాను."

ఆ తల్లికి దణ్ణం పెట్టాలి. తర్వాతి మీటింగు రోజున నేనే మా లంక నుంచి ఇంత పొడుగు కొర్రమేను తెచ్చాను. ఊరికే ఇప్పించుకోలేదు, నా జీతంలోంచి డబ్బిచ్చి కొన్నాను. కార్యదర్శి గారిని ముందు భోజనానికి లేపారు. "మిగతావాళ్ళు?" అన్నారు ఆయన. "వాళ్ళు తర్వాత తింటార్లెండి, మీరు దూరం నుంచి వచ్చారు" అందావిడ. పీట వేసి, విస్తరేసి, తలుపు ఓరగా వేసింది. ట్రస్టీలు హాల్లో కూర్చున్నారు.

నేను వంటిళ్ళ వివరాలు చదివాను. లోపల్నుంచి, "చాలండీ, చాలు" అని వినబడింది. "అయ్యో, ఇంకొక్క ముక్కండీ" అందావిడ. శరణాలయంలో నూటనలభై. "వద్దండీ, నిజంగా వద్దండీ." గూడెంలో నూటపాతిక. "గారెలు రెండైనా వేసుకోకపోతే ఎలాగండీ?" ఇంటద్దెతో కలిపి నూటయాభైకి మించకూడదని తేలింది. బియ్యం ఆగాలి. పాలు వార్డుకి పోవాలి. చేపలు పుచ్చుకోకూడదు. ఇన్నాళ్ళూ ఎక్కువ తీసుకున్నది వాయిదాల మీద తిరిగి కట్టాలి. పడవ మళ్ళీ వెయ్యాలి. పాత తీర్మానం రద్దు. ఎందుకో కూడా రాసుకున్నాను, ఒక్కొక్కటీ. లోపల పెరుగన్నం దాకా వచ్చింది. ఆడిటరు గారు మొదటిసారి హాయిగా నవ్వారు.

ఆయన ఆపసోపాలు పడుతూ, కండువాతో చేతులు తుడుచుకుంటూ వచ్చారు. అధ్యక్షుల వారు, "ఏమీ అనుకోకండి" అని తీర్మానం చదివించారు. ఏం అనుకుంటారు, ఏం అంటారు? నోట్లో ఆ ఇంటి తాంబూలమే ఉంది. "మీరు మొదట్నించీ వద్దనే అంటున్నారు కదండీ. మేమే బలవంతపెట్టాం" అన్నారు ఒక ట్రస్టీ, నిజంగానే నొచ్చుకుంటూ.

కార్యదర్శి గారు నా వైపు తిరిగారు. "నీకు ఉద్యోగం ఇచ్చింది నేను, అమ్మాయ్."

"మా నాన్నకి ఉత్తరం రాయించింది కూడా మీరేనండీ" అన్నాను. "మజ్జిగ ఇంకొంచెం తీసుకుంటారా అండీ?"

మూడు నెలలకి ఆరోగ్యం బాగాలేదని రాజీనామా ఇచ్చారు. ఆ కాగితం టైపు కొట్టింది నేనే, ఒక్క తప్పు లేకుండా. ఇన్‌కంటాక్సు వాళ్ళు రెండు తీర్మానాలూ చూసి మినహాయింపు ఉంచేశారు. నేను వారం రోజులు పండగ చేసుకున్నాను. మేనత్తకి చీర కొన్నాను. ఆయన బజార్లో ఎదురై తల తిప్పుకుంటే, చుట్టూ తిరిగి వెళ్ళి మళ్ళీ ఎదురయ్యాను. నా కక్ష తీరిపోయిందనే అనుకున్నాను.

పడవ మళ్ళీ బయల్దేరే రోజున సెలవు పెట్టి ముందే లంకకి వెళ్ళాను. అమ్మ ఇంటి ముందు కూర్చుని చేపలు తోముతోంది, వీపు కొల్లేటి వైపు. గంట వినబడింది. దూరం నుంచే, అదే గంట. లంకంతా లేచింది. నాన్న మా రేవు దగ్గరికొచ్చేకొద్దీ ఇంకా గట్టిగా కొడుతున్నాడు, ఆపడం లేదు.

అమ్మ తలెత్తి అటూ ఇటూ చూసింది. "ఎందుకే అందరూ అలా పరిగెడుతున్నారు?" అంది.

నూటయాభై కాదు, ఆయనకి ఒక్క కానీ కూడా దక్కనివ్వకుండా ఉండాల్సింది అనుకున్నాను. లోపలికెళ్ళి దువ్వెన తెచ్చి అమ్మ చేతిలో పెట్టాను.